మూడు జతల చెవులు

ఆ గుంపు మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క నియమం. అది కూడా డెంటిస్టు పుణ్యమా అని వచ్చింది.

ముందు గుంపు సంగతి చెప్పాలి. ఒకే రకం జర్మన్ కారు ఉన్నవాళ్ళు తొమ్మిదిమంది. నాలుగు తలుపులుండి, చూడ్డానికి బుద్ధిగా ఆఫీసుకి వెళ్ళొచ్చే కారులాగే ఉంటుందది. కాలు కాస్త గట్టిగా నొక్కితే మాత్రం సీటు మనిషిని వెనక్కి లాగి అతికించేసుకుంటుంది. ఆ లాగుడుకే వీళ్ళందరూ పడిపోయారు. అందరివీ పదేళ్ళు దాటిన బళ్ళే కాబట్టి ఏదో ఒక రోగం ఉండనే ఉంటుంది. అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే ఆ కార్లు బాగుచేసే మేస్త్రి షెడ్డు ముందు చేరి, బానెట్లు ఎత్తి, కాఫీ గ్లాసులు ఇంజిన్ల అంచున పెట్టుకుని ఒకరికొకరు సలహాలు ఇచ్చుకుంటారు. సలహాలకి అక్కడ కరువు లేదు. ఇంజిన్ వేడెక్కకముందు తరమకు అంటారు ఒకరు. తరిమాక వెంటనే ఆపెయ్యకు, ఒక నిమిషం ఊరికే తిరగనివ్వు అంటారు ఇంకొకరు. బలం పెంచేముందు బ్రేకులు పెంచు అని మూడోవాళ్ళు. అందరూ చెప్పేది నిజమే, ఎవరూ పాటించరు.

ఒకప్పుడు డెంటిస్టు కారు వెనక భాగంలో టకటకమని శబ్దం మొదలైంది. ఒకరు షాకబ్సార్బర్లన్నారు, మార్చాడు. ఇంకొకరు రబ్బరు బుష్షులన్నారు, మార్చాడు. మూడు నెలలు ఆ కారు కింద మేస్త్రి పడుకున్నన్ని గంటలు తన మంచం మీద కూడా పడుకుని ఉండడు. చివరికి డిక్కీలో స్టెపినీ టైరు కింద, డెంటిస్టు భార్య ఇల్లంతా వెతుకుతున్న భోజనం డబ్బా మూత దొరికింది. ఆ రోజు మేస్త్రి స్పానరు కింద పడేసి అందరి ముందూ తేల్చి చెప్పేశాడు. ఇకమీదట ఎవరికి ఏ శబ్దం వినపడ్డా సరే, ముగ్గురు ఆ కారులో కూర్చుని విని, ఉంది అంటేనే తను చెయ్యి వేస్తాడు. ఓనరు చెవులు లెక్కలోకి రావు. ఓనరుకి ఎప్పుడూ ఏదో ఒకటి వినపడుతూనే ఉంటుంది కదా మరి. అలా పుట్టింది మూడు జతల చెవుల నియమం.

ఆ నియమానికి ఇప్పుడు బలైపోయింది చెవుల డాక్టరు.

ఆయన డాక్టరు కాదు. వినికిడి పరీక్షలు చేసి, అవసరమైనవాళ్ళకి చెవి మిషన్లు అమర్చే మనిషి. నేను డాక్టర్ని కానండీ అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి మానేశాడు. గుంపులో ఆయనదొక వింత. అందరూ కారు కొని దాన్ని అరిపించే పనిలో ఉంటే, ఆయన మాత్రం తలుపుల లోపల, కాళ్ళ కింద, డిక్కీ అడుగున దళసరి పరుపులాంటి షీట్లు పరిపించి కారుని నిశ్శబ్దం చేయించుకున్నాడు. "పులిని తెచ్చి పిల్లిని చేశాడయ్యా ఈయన" అని సింహం కనపడ్డప్పుడల్లా వెక్కిరించేవాడు.

సింహం అంటే టైల్స్ షాపు ఆయన. ఎర్ర కారు. ఎనిమిదేళ్ళ కిందట కంపెనీ సైలెన్సర్ పీకించి అటక మీద పడేసి, దాని బదులు ఇంత లావు గొట్టాలు పెట్టించాడు. ముందు సీట్లు కూడా పీకించి రేసు కార్లలో ఉండే దొప్పల్లాంటి సీట్లు వేయించాడు. వాటిలో కూర్చుంటే నడుం పట్టేస్తోందని వాళ్ళావిడ అప్పట్నించీ వెనక సీట్లోనే కూర్చుంటుంది. ఆయన వీధి మొదట్లో ఉండగానే షెడ్డులో గ్లాసులు గలగలమంటాయి. మనిషి గొంతు కూడా కారుకి తగ్గట్టే ఉంటుంది. మనసు మాత్రం వెన్న. ఎవరి బండి ఎక్కడ ఆగిపోయినా మొదట అక్కడికి చేరేది ఆయనే.

చెవుల డాక్టరుకి ఆ శబ్దం వినపడడం మొదలై అప్పటికి నెల దాటింది. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఓ పావుగంట నడిచాక, ముందు నుంచి ఎక్కడో సన్నగా, దారంలాంటి కూత. కాలు నొక్కితే పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. మొదటి రోజే ఆయనకి పట్టేసింది. పట్టకేం, ఆయనకి అన్నం పెట్టేవి ఆ చెవులే కదా. పదహారేళ్ళుగా వందలమందికి పరీక్షలు చేసి, వాళ్ళకి వినపడనిది ఏమిటో వాళ్ళకే చెప్పిన మనిషి.

ఆదివారం షెడ్డులో చెప్పాడు. నియమం ప్రకారం సింహం ఎక్కి కూర్చున్నాడు, ఇద్దరూ ఒక చుట్టు తిరిగొచ్చారు.

"ఏం లేదు డాక్టరూ. అసలు నీ కారులో ఏ శబ్దమూ లేదు, అదే జబ్బు" అన్నాడు సింహం దిగుతూ.

తరవాత డెంటిస్టు ఎక్కాడు. ఆయన ప్రతీదీ పద్ధతిగా చేస్తాడు. ఆయిల్ మార్చిన తేదీలు, టైర్ల గాలి లెక్కలు అన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తాడు. కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఇరవై నిమిషాలు ధ్యానంలో ఉన్నట్టు విన్నాడు. "గాలి శబ్దం ఉంది. టైర్ల శబ్దం ఉంది. మీరు చెప్పేది మాత్రం లేదండీ" అన్నాడు.

మూడోది మేస్త్రి. ఆయన దగ్గర మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు ఒకటుంది. దాని మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవి కింద ఎముకకి నొక్కి పెట్టి వింటాడు. డాక్టర్లు గుండెకి గొట్టం పెట్టినట్టే. ఇంజిన్ అంతా అక్కడా ఇక్కడా ఆనించి చూసి, బట్టతో పిడి తుడుచుకున్నాడు.

"సవ్యంగా ఉంది బాబూ. ముప్పై ఏళ్ళ చెవి నాది. ఉంటే దొరక్కపోదు."

"ఒక్కసారి తెరిచి చూస్తే..."

"మూడు జతలు. నియమం మీరందరూ ఒప్పుకున్నదే."

తక్కిన ఆరుగురూ ఈ ముగ్గురూ ఎటంటే అటు తలూపే బాపతు. చెవుల డాక్టరు ఫోనులో రికార్డు చేసి వినిపించాడు. ఈ కాలం ఫోన్లు మరీ తెలివి మీరాయి, చప్పుడని వాటికి తోచినదాన్నల్లా అవే వడపోసి పారేస్తాయి. అందులో ఏమీ లేదు. అందరూ జాలిగా చూశారు. సింహం భుజం మీద చెయ్యేసి, "పని ఎక్కువైంది నీకు. వచ్చే వారం కాక ఆపై వారం కొండెక్కుతున్నాంగా, అక్కడ గాలి పీలిస్తే అన్నీ పోతాయి" అన్నాడు. ఏడాదికొకసారి తొమ్మిది కార్లూ వరసగా కొండదారి పట్టడం వాళ్ళ అలవాటు.

ఆ మాటతో చెవుల డాక్టరుకి తన చెవుల మీదే అనుమానం మొదలైంది.

ఎందుకంటే, ఎవరికీ వినపడని సన్నటి కూత తమకి మాత్రమే వినపడుతోందని చెప్పేవాళ్ళు వారానికి ఇద్దరైనా ఆయన గదికి వస్తారు. వాళ్ళతో ఆయన చాలా నెమ్మదిగా, చాలా దయగా ఒక మాట చెబుతాడు: శబ్దం బయట లేదండీ, మీ చెవిలోనే పుడుతోంది. చెవి పాడవడం మొదలైతే ఒక్కోసారి అలాగే ఉంటుంది. ఇప్పుడా మాట ఆయనకి ఎవరు చెప్పాలి?

ఇక అక్కణ్ణించి మనిషి మనిషిలా లేడు. సోమవారం పరీక్ష గదిలోకి వెళ్ళాడు. చప్పుడు చొరకుండా గోడలకి మెత్తలు వేసిన చిన్న గది అది. తలుపు వేసుకుని కూర్చున్నాడు. ఒక నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషంలో, ఉందా? ఉన్నట్టే ఉంది. మూడో నిమిషానికి ఉండనే ఉంది. బయటికొచ్చి నీళ్ళు తాగాడు. తన పరీక్ష తనే చేసుకుందామంటే కుదరదు. బటన్ నొక్కేదీ తనే, వినపడిందని చెప్పేదీ తనే అయితే అదేం పరీక్ష? పక్క గదిలో పనిచేసే ఆవిణ్ణి అడగొచ్చు. అడిగి, గ్రాఫు చూసి ఆవిడ మొహం మారితే? రేపట్నించి ఆవిడ తన పరీక్షలన్నీ మళ్ళీ సరిచూడడం మొదలుపెడితే? చెవి పోయినవాడు చెవులు చూస్తానంటే ఎవరొస్తారు? అడగలేదు.

ఇంతోటి నిపుణుడికి తన చెవుల మీద అనుమానం వచ్చింది గానీ, ఆ ముగ్గురి చెవుల మీద రాలేదు చూశారా. భయం పట్టుకున్న మనిషి బుర్ర అలాగే ఉంటుంది. ఎదటివాళ్ళు ముగ్గురు, తను ఒక్కడు. అంతే, అక్కడికి లెక్క తేలిపోయింది.

ఇంట్లో చెప్పుకుందామంటే భార్య రెండు నెలల ట్రైనింగ్ మీద వేరే ఊళ్ళో ఉంది. ఫోనులో ఇలాంటివి చెబితే అక్కడ పుస్తకం మూసేసి రైలెక్కేస్తుంది. ఇంట్లో ఉన్నది అత్తగారు. డెబ్భై మూడేళ్ళు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పై రెండేళ్ళు ఆపరేటరుగా చేసింది. అల్లుడంటే ఆవిడకి మర్యాద, అత్తగారంటే ఆయనకి అంతకు రెండింతల మర్యాద. ఆ మర్యాదల మధ్య ఇద్దరూ ఒకే ఇంట్లో తగలకుండా, తగవు పడకుండా, అసలు మాటే పడకుండా తిరుగుతున్నారు. నెలన్నర కిందట ఆవిడకి చెవి మిషను తనే అమర్చాడు. పెట్టుకున్న వారం రోజులూ బాగుందంది. తరవాత అది డబ్బాలోంచి బయటికి రావడం మానేసింది. ఎందుకని అడిగితే, "బాగుంది బాబూ, చాలా బాగుంది" అని మాట తప్పించేది. తన పనితనం నచ్చలేదేమోనని ఆయన లోలోపల నొచ్చుకుని, రెట్టించి అడగలేదు.

గురువారం ఆవిడ మిషను తనిఖీ ఉంది. తారీకు ఆయన పెట్టిందే కాబట్టి తప్పించుకోలేక, మిషను చెవికి పెట్టుకుని కారెక్కింది ఆవిడ. ఊరికి ఆ చివరున్న క్లినిక్కి అరగంట దారి. ఇద్దరూ ఎండ గురించి ఒక మాట, ట్రాఫిక్ గురించి ఒక మాట అనుకున్నారు. తరవాత ఏమీ లేదు. పావుగంట గడిచింది. ఆయనకి కూత మొదలైంది. ఆయన పళ్ళు బిగించి రోడ్డు వంక చూస్తున్నాడు.

పక్కనున్న అత్తగారు చెవి మీద చెయ్యి పెట్టుకుని మిషను కాస్త అటూ ఇటూ కదిపింది. మళ్ళీ కదిపింది. ఆఖరికి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమైందండీ అత్తయ్యగారూ?"

వినపడలేదు. మళ్ళీ గట్టిగా అడిగాడు. ఆవిడ మొహమాటపడుతూ మిషను చెవికి తగిలించుకుంది.

"ఏమీ లేదు బాబూ. ఇంట్లో బాగానే ఉంటుంది. నీ కారెక్కి కాస్త దూరం వచ్చేసరికి ఇదిగో, ఈ మిషను సన్నగా కూత పెడుతుంది. పాడైందనుకుని తీసి పెట్టేశాను, చెబితే నువ్వు బాధపడతావని చెప్పలేదు. అంత శ్రద్ధగా పెట్టావు."

ఆయన కారుని ఎలా పక్కకి తీశాడో ఆయనకే తెలీదు. ఒక పుస్తకాల కొట్టు ముందు ఆపి, ఇంజిన్ మాత్రం ఆపలేదు.

"ఎలాంటి కూతండీ?"

"సన్నగా. నువ్వు స్పీడు పెంచితే పెరుగుతుంది. పాత రోజుల్లో దూరపు లైన్లలో ఇలాంటిదే వచ్చేది, అవతలివాళ్ళ మాట సగం మింగేసేది."

ఆయన పని తెలిసిన మనిషి కదా, పరీక్ష పద్ధతిగానే చేశాడు. "కళ్ళు మూసుకోండి. కూత పెరిగినప్పుడు వేలెత్తండి. తగ్గితే దించెయ్యండి" అన్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆయన యాక్సిలరేటరు నొక్కి ఇంజిన్ వేగం పెంచాడు, అది మామూలుగానే రొద పెట్టింది, వేలు లేచింది. ఇది సాక్ష్యం కాదు, రొద విని ఎత్తి ఉండొచ్చు. అందుకని మిషను తీయించి మళ్ళీ అదే చేశాడు. ఇంజిన్ రొద ఆవిడకి మిషను లేకపోయినా తెలుస్తుంది. వేలు లేవలేదు. మళ్ళీ పెట్టించాడు. లేచింది. సన్నటి శబ్దాలు ఆవిడ చెవికి అందవనే కదా, వాటినే పెంచి అందించేలా ఆ మిషనుని తన చేతుల్తో సరిచేసింది. ఇక ఇంజిన్ ఆపేశాడు. "పోయింది" అంది ఆవిడ కళ్ళు తెరవకుండానే.

చెవుల డాక్టరు స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. అత్తగారు కంగారుపడి వీపు మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు. ఆయన నెల రోజుల కథంతా చెప్పేశాడు. పరీక్ష గదిలో కూర్చోవడం, మూడు జతల చెవులు, నీళ్ళు తాగడం, అంతా.

అంతా విని ఆవిడ అంది, "అయితే నీకు పరీక్ష చేసేవాళ్ళు లేరన్నమాట. నాకు నేర్పు. నేను చేస్తాను."

క్లినిక్లో ఆవిడ మిషను బల్ల ముందు కూర్చున్న తీరు చూడాలి. ముప్పై రెండేళ్ళు బటన్ల ముందు కూర్చున్న మనిషి. రెండుసార్లు చూపిస్తే చాలు, చేతులు వాటంతటవే నడిచాయి. ఆయన మెత్తల గదిలో హెడ్ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. అద్దంలోంచి ఆవిడ మొహం కనపడకుండా వీపు తిప్పుకున్నాడు. వినపడ్డప్పుడల్లా వేలెత్తాడు. అరగంట పట్టింది. బయటికొచ్చేసరికి చొక్కా తడిసిపోయి ఉంది.

గ్రాఫు ఆవిడ చేతిలో ఉంది. గీత ఈ చివర నించి ఆ చివర దాకా తిన్నగా ఉంది.

"మధ్యమధ్యలో బటన్ నొక్కకుండా నొక్కినట్టు ఊరుకున్నాను కూడా. ఒక్కసారి కూడా వేలెత్తలేదు. నిజాయితీగల చెవులే బాబూ" అంది.

ఆదివారం షెడ్డుకి చెవుల డాక్టరు అత్తగారితో, ఒక పెట్టెతో దిగాడు. పెట్టెలో ఊళ్ళకి తీసుకెళ్ళే చిన్న పరీక్ష మిషను ఉంది.

సంగతి విని సింహం పెద్దగా నవ్వాడు. "అమ్మా, మీరు ఓనరు కాదు, మెకానిక్ కాదు. పైగా..." అని చెవి వైపు చూసి ఆగాడు.

"పైగా చెవిటిదాన్ని. అనండి, వినపడుతోంది" అంది ఆవిడ.

డెంటిస్టు గొంతు సవరించుకున్నాడు. "నియమంలో ముగ్గురు అనే ఉందండీ, ఎవరని లేదు. ఆవిడ ఒక జత. ఇంకా రెండు కావాలి."

"ఆ రెండూ మీలో ఎక్కడైనా ఉన్నాయేమో చూద్దామనే ఇది తెచ్చాను" అన్నాడు చెవుల డాక్టరు పెట్టె తెరుస్తూ.

స్పేరు పార్టుల గది తలుపు వేసి, అట్టపెట్టెల మధ్య ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టాడు. పరీక్ష గదంత నిశ్శబ్దం కాకపోయినా పని గడుస్తుంది. మేస్త్రి, డెంటిస్టు, సింహం వరసగా వెళ్ళొచ్చారు. మూడు గ్రాఫులూ కారు బానెట్ మీద పరిచాడు. మూడింట్లోనూ గీత బాగానే నడిచి నడిచి, సన్నటి శబ్దాలు మొదలయ్యే చోట గుంటలో పడినట్టు కిందికి దిగిపోయింది.

"మీది గ్రైండరూ, గాలి గన్నూ" అన్నాడు మేస్త్రితో. "మీది పళ్ళు తొలిచే డ్రిల్లు" అన్నాడు డెంటిస్టుతో. సింహం గుంట అన్నిటికంటే లోతుగా ఉంది. దాని కారణం చెప్పక్కర్లేదు, పక్కనే ఎర్రగా మెరుస్తూ నిలబడి ఉంది. వారం రోజులుగా మనిషిని కాల్చుకుతిన్న తీర్పు ఇచ్చింది ఈ మూడు గుంటలే.

మేస్త్రి పొడుగు స్క్రూడ్రైవరు తీసి చెవుల డాక్టరు చేతిలో పెట్టాడు.

"నువ్వే విను బాబూ. నేను పట్టుకుని చూపిస్తా, నువ్వు విను."

ఇంజిన్ వేడెక్కించారు. మేస్త్రి చూపించిన చోటల్లా ఆయన మొన ఆనించి విన్నాడు. ఆల్టర్నేటరు కాదు. నీళ్ళ పంపు కాదు. బెల్టుని బిగువుగా పట్టి ఉంచే చిన్న పుల్లీ దగ్గరికి వచ్చేసరికి కూత చెవిలో సూదిలా దిగింది. ఇంజిన్ ఆపి, చల్లారాక మేస్త్రి బెల్టు తప్పించి ఆ పుల్లీని వేలితో తిప్పాడు. ఇసుక నమిలినట్టు తిరిగింది. కాస్త ఊపితే ఊగింది.

"గ్రీజు ఎప్పుడో ఎండిపోయింది" అన్నాడు మేస్త్రి. అంత మాట అని, మిగతాది మెల్లగా చెప్పాడు. "ఇది కొండ మీద పట్టేసుంటే బెల్టు తెగేది. బెల్టు తెగితే స్టీరింగు రాయైపోతుంది. ఆ మలుపుల్లో." ఆయన చెవుల డాక్టరు మొహంలోకి చూడలేక అత్తగారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

అందరూ కాఫీల మీద పడ్డాక సింహం తన గ్రాఫు మడిచి జేబులో పెట్టుకుని చెవుల డాక్టరు పక్కకి చేరాడు. ఆయన గొంతు తగ్గించి మాట్లాడడం ఆ షెడ్డు ఎరగదు.

"ఇది మళ్ళీ వస్తుందా?"

"పోయింది రాదండీ. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు."

సింహం తలూపాడు. "రెండేళ్ళ నించి మా ఆవిడ గొణుగుతోందనుకుంటున్నా. నోరు తెరిచి మాట్లాడవే అని కసురుతున్నా." అంతే అన్నాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు వీధి చివరిదాకా కారుని రెండో గేరు దాటనివ్వలేదు.

తరవాతి ఆదివారం కొండ కింద ఎనిమిది కార్లు ఆగి ఎదురుచూస్తున్నాయి. ఎవరో వచ్చి వెనక ఆగారు. ఎవరా అని తిరిగి చూస్తే ఎర్ర కారు. ఎవరికీ తెలియకుండా సింహం రావడం చరిత్రలో లేదు. అటక మీది కంపెనీ సైలెన్సరు దింపి దుమ్ము దులిపి పెట్టించేశాడు. పిల్లి అని ఎవరైనా అంటారేమోనని గడ్డం ఎత్తి అందరి మొహాలూ చూశాడు. ఎవరూ అనలేదు.

కొత్త పుల్లీతో చెవుల డాక్టరు కారు కొండెక్కుతుంటే లోపల గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. పక్కన అత్తగారు, చెవికి మిషను. "కూస్తోందా అండీ?" అని మూడు మలుపులకోసారి అడిగాడు. "నువ్వడగడం తప్ప ఏమీ వినపడడం లేదు" అంది ఆవిడ నాలుగోసారికి. ఇద్దరికీ మధ్య మర్యాద ఆ మాత్రం తగ్గింది, దానివల్ల ఎవరికీ నష్టం రాలేదు. ఆయనకైతే ప్రాణం తేలిగ్గా ఉంది. ఆకు కదిలినా, చక్రం కింద కంకర నలిగినా, ప్రతిదీ మళ్ళీ తన సొంతం.

కొండ మీద టీ కొట్టు దగ్గర సింహం బెంగగా దిగాడు.

"డాక్టరూ, సైలెన్సర్ మార్చాక నా కారులో ఏదో శబ్దం బయటపడింది. వెనక ఎడమ పక్క. సన్నగా కాదు, ముద్దగా, మ్మ్ అని. ఉంటుంది, ఆగుతుంది, మళ్ళీ ఉంటుంది."

ఇంకేం, బానెట్లు లేవకపోయినా నోళ్ళు లేచాయి. తలుపు రబ్బరన్నాడు ఒకాయన. వెనక చక్రం బేరింగన్నాడు ఇంకొకాయన. పెట్రోలు పంపన్నాడు మేస్త్రి. "నియమం" అన్నాడు డెంటిస్టు. అందరూ అత్తగారి వైపు చూశారు.

సింహం నడపగా, చెవుల డాక్టరు ముందు దొప్ప సీట్లో ఇరుక్కున్నాడు. వెనక సింహం భార్య, ఆవిడ పక్కన అత్తగారు. ఒక వైపు లోయ, ఒక వైపు చెట్లు. నాలుగు మలుపులు ఏమీ లేదు. అయిదో మలుపు దాటాక లోయ మీద ఎండ తెల్లగా పరుచుకుంది. అప్పుడు మొదలైంది. చెవుల డాక్టరు చెవికి పడగానే అలవాటుగా వేలు లేచింది. అద్దంలో చూశాడు. వెనక అత్తగారి వేలు కూడా లేచే ఉంది. ఆవిడ మాత్రం కళ్ళు మూసుకోలేదు, పక్కకి చూస్తోంది. సింహం భార్య కిటికీ వైపు తిరిగి, పెదాలు కదపకుండా, లోయని చూస్తూ కూనిరాగం తీసుకుంటోంది.

"విన్నారా, ఇదే, ఇప్పుడు వస్తోందే" అన్నాడు సింహం రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా. శబ్దం ఠక్కున ఆగిపోయింది. "చూశారా, ఆగింది."

అత్తగారు అంది, "అది కారు కాదు నాయనా. మీ ఆవిడ పాడుకుంటోంది."

సింహం కారు పక్కకి తీసి ఆపాడు. వెనక్కి తిరిగాడు. ఆవిడ మొహం ఎర్రబడిపోయింది.

"ఎప్పట్నించి?" అన్నాడు.

"ఈ కారు కొన్నప్పట్నించీ" అందావిడ. "ఆ మోతలో ఎవరికీ వినపడదు కదా అనే. మీరు దానికి ఏదో మార్పించేస్తారని తెలిస్తే ఊరుకునేదాన్ని."

సింహం కారు తీసి, వెనక్కి టీ కొట్టు దగ్గరికి తెచ్చి చెవుల డాక్టర్నీ అత్తగార్నీ దింపాడు. దిగేటప్పుడు అత్తగారు సింహం భార్య చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. ఏమిటన్నది చెవుల డాక్టరుకి కూడా వినపడలేదు. కొండ దిగేటప్పుడు ఎర్ర కారు అందరికంటే వెనక, అద్దాలన్నీ పైకెత్తుకుని, ఎడ్లబండికంటే నెమ్మదిగా కదిలింది. కింద ఎంతసేపు చూసినా రాలేదు, చూసి చూసి అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం గుంపు వాట్సాప్‌లో డెంటిస్టు పద్ధతిగా అడిగాడు: ఎర్ర కారు వెనక ఎడమ శబ్దం ఏమైంది, తేలిందా, నేను రాసుకోవాలి. కింద అప్పుడే మూడు సలహాలు వచ్చి పడ్డాయి. ఒక గంట తరవాత సింహం జవాబు పెట్టాడు.

"శబ్దం అలాగే ఉంది. ఎవరూ ఏ సలహా ఇవ్వొద్దు."